గుండిగ కింద గంగాధరప్ప

మా గంగాధరప్పను ఏమడిగినా జవాబు చెప్పడు. టైమెంతయిందని అడిగితే, చేతికి గడియారం ఉండి కూడా దాని పక్క చూడకుండా మన మొహంలోకి చూసి, "నీకేమనిపిస్తాది?" అంటాడు. బెంగుళూరు బండి వెళ్లిపోయిందా అంటే "నీకేమనిపిస్తాది?" ఒంట్లో ఎట్లుండాది అంటే, అది ఆయన ఒళ్లే అయినా సరే, "నీకేమనిపిస్తాది?" హిందూపురంలో ఈ మాట పడనివాడు ఎవడన్నా ఉన్నాడంటే వాడు అప్పుడే రైలు దిగినవాడై ఉండాల. వాడికి కూడా స్టేషన్ గేటు దాటేలోపల పడి ఉంటాది.

ఇందులో విచిత్రం ఏమంటే, ఆయన వృత్తే జవాబులు చెప్పడం. మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రికలో సైన్సు శీర్షిక రాసేవాడు. ఆకాశం నీలంగా ఎందుకుంటాది, తెగిన బల్లితోక ఎందుకు ఎగురుతాది, ఉల్లిగడ్డ కోస్తే కండ్లలో నీళ్లెందుకొస్తాయి అని యాడయాడివాళ్లో అడిగితే, వారం వారం తడుముకోకుండా జవాబు రాసేవాడు. శ్రీకాకుళంవాడికి జవాబు దొరికేది. ఎదురింటి పుల్లయ్యకు దొరికేది కాదు. పుల్లయ్య విసుగెత్తి ఉల్లిగడ్డ సంగతి కార్డు మీద రాసి మద్రాసుకు వేసినాడు. ఆ కార్డు మద్రాసు పోయి, ఆడ నుంచి ఎదురింటికి వచ్చి, జవాబు మళ్లా మద్రాసు పోయి, అచ్చయి పుల్లయ్య చేతికి వచ్చేటప్పటికి పుల్లయ్య ఉల్లిగడ్డలు తినడమే మానేసినాడు.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పుకోవాల. నా పేరు శంకరప్ప. రైల్వే గేటు పక్కన సైకిల్ షాపు నాదే. పెనుకొండలో చదువుకునేటప్పుడు నేనూ గంగాధరప్పా ఒకే బెంచీ. ఫిఫ్తు ఫారంలో ఉండగా, నాకు నేర్పడానికి ఇంక ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదని నాకు తోచింది. అయ్యవార్లకు కూడా అట్లనే తోచిందో ఏమో, నేను పుస్తకాలు సంకన పెట్టుకొని బయటికి పోతుంటే ఒక్కరూ ఆపలేదు. గంగాధరప్ప మాత్రం ఆ బెంచీని పట్టుకొని ఆడనే కూచున్నాడు. తర్వాత అనంతపురం పోయి బీయెస్సీ కూడా చదివినాడు. కొందరికి ఎంత చెప్పినా తొందరగా ఎక్కదు మరి.

నా షాపు దగ్గర ఎప్పుడూ జనమే. పెనుకొండ కోట మీద చిరుతపులి ఎదురైతే, దాని నోట్లో సైకిల్ పంపు పెట్టి గాలి కొట్టి, బుడగ మాదిరి ఉబ్బించి, కొండ మీద నుంచి కిందికి దొర్లించిన కథ నేను చెప్తాంటే, పంక్చరు వేసేసిన సైకిళ్లు కూడా కదిలేవి కాదు. జట్కా తోలే మాబుసాబ్ గుర్రాన్ని నిలబెట్టి మరీ వినేవాడు. గుర్రం కూడా వినేది. పులి దొర్లే ఘట్టంలో చెవులు నిక్కబెట్టేది.

ఇదంతా గంగాధరప్ప బెంగుళూరు పోయి చెడగొట్టినాడు.

ఏమయిందంటే, మనసు మీద ఒక వ్యాసం రాయాలని బెంగుళూరులో మనసు జబ్బుల ఆసుపత్రికి పోయినాడు. చూసుకొని, రాసుకొని రావాల్సినవాడు, మాటలతో మనసుకు వైద్యం చేసే విద్య ఆడ నేర్పుతారని తెలిసి దాంట్లో చేరిపోయినాడు. వారంలో సగం దినాలు ఆడ చదువు, సగం దినాలు ఈడ ఇల్లు, రాత మొత్తం రైల్లో. ఆ విద్యలో మొదటి పాఠం ఇదంట: కష్టంలో ఉన్నోనికి నువ్వు జవాబు చెప్పొద్దు. వాని జవాబు వాని లోపలే ఉంటాది. అడిగి, గమ్మునుండు. ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు, ఆయన చెప్తాడా. ఆసుపత్రి ముందర సోడాలు అమ్మేవాడు చెప్పినాడు. మిగిలినవాళ్లు ఆ పాఠాన్ని ఆసుపత్రి లోపల వదిలేసి ఇంటికి పోయేవాళ్లంట. మావాడు మాత్రం దాన్ని టికెట్ లేకుండా రైలెక్కించి హిందూపురం తెచ్చినాడు.

మొదట దెబ్బ తినింది ఆయన భార్య తిప్పమ్మ.

"సంగటి కెలకాల్నా, అన్నం వండాల్నా?" అని అడిగిందంట.

"నీకేమనిపిస్తాది?"

"నాకు మా పుట్టింటికి పోవాలనిపిస్తాది" అని ఆయమ్మ పరిగి బస్సెక్కింది. తిరిగొచ్చేదాకా గంగాధరప్ప బొరుగులు తిని బతికినాడు. ఆ వారం పత్రికలో, బియ్యపు గింజ వేడికి ఉబ్బి బొరుగుగా ఎట్లా మారుతాదో చాలా చక్కగా రాసినాడు.

ఆ తర్వాత మాబుసాబ్ వంతు. గంగాధరప్ప స్టేషన్లో దిగి జట్కా ఎక్కినాడు.

"యాడికి సార్?"

"నీకేమనిపిస్తాది?"

మాబుసాబ్ కొంచేపు తల గోక్కొని, "నాకైతే ఇంటికి పోవాలనుంది సార్. పొద్దున్నుంచి కడుపులో ఏం పడలా" అన్నాడు.

"పద పోదాం."

ఇద్దరూ మాబుసాబ్ ఇంటికే పోయినారు. మాబు పెండ్లాం రోషన్‌బీ ఇద్దరికీ అన్నం పెట్టింది. తింటా తింటా మాబుసాబ్, గుర్రం ముసలిదయిపోయిందనీ, అమ్మేయమని అందరూ అంటాండారనీ, దాన్ని అమ్మితే తనకు నిద్ర పట్టదనీ, ఈ మాట ఇంతవరకూ పెండ్లానికి కూడా చెప్పలేదనీ చెప్పి ముద్ద చేతిలో పెట్టుకొని ఏడ్చినాడు. గంగాధరప్ప "ఊఁ" అన్నాడంట. అంతే. ఒక్క "ఊఁ". ఆ మరుసటి దినం నుంచి మాబుసాబ్ జట్కా నా షాపు ముందర నిలబడలేదు.

"ఏం మాబూ, ఈ పక్క కనపడవే?" అని అడిగినా.

"సార్ దగ్గరికి పోతాండా శంకరన్నా."

"ఆయప్ప ఏం చెప్తాడు?"

"ఏం చెప్పడు."

"ఏం చెప్పనోని దగ్గరికి ఎందుకప్పా పోయేది? నేను పులి కథ చెప్తా, రా."

"నీ కథలో నువ్వుంటావన్నా. ఆడయితే నేనుంటా."

నాకు నషాళానికంటింది. గుర్రం కూడా నా పక్క చూడకుండా పోయింది.

ఒకరి వెనక ఒకరు, నా జనమంతా ఆయన అరుగు మీదికి చేరినారు. పట్టుగూళ్ల మార్కెట్టుకు వచ్చిన రైతులు, గూళ్లు అమ్ముడుపోయేదాకా నా దగ్గర కూచునేవాళ్లు, వాళ్లూ ఆడికే. మాట్లాడేవాని దగ్గర జనం చేరితే న్యాయం. మాట్లాడనోని దగ్గర చేరడమేంది? నాకు కుళ్లు పుట్టింది. అదేం చిన్న కుళ్లు కాదు. పొయ్యి అవసరం లేకుండా దాని మీద కుండెడు సంగటి వండొచ్చు.

ఆయప్పకు వచ్చిన విద్య నాకు రాదా అనుకున్నా. షాపులో ఒక మూల రెండు కుర్చీలు వేసినా. మొదట వచ్చినవాడు సైకిలు తోసుకుంటా వచ్చినాడు. వాన్ని కుర్చీలో కూచోబెట్టి, మెల్లిగా అడిగినా.

"నీకేమనిపిస్తాది?"

"పంక్చరయిందనిపిస్తాది."

"ఊఁ. ఇంకా?"

"ముందర చక్రం అనిపిస్తాది."

"ఇంకా లోపలికి పోయి చూడు."

"లోపలికి చూడాల్సింది నువ్వప్పా. ట్యూబు విప్పు."

వాడు పోయినాక పుల్లయ్య వచ్చినాడు. "బర్రె తప్పిపోయింది శంకరా, మనసేం బాగలేదు" అన్నాడు. ఇదీ బేరమంటే అనుకొని "ఊఁ" అన్నా. "దాన్ని దూడగా ఉన్నప్పటి నుంచి నా చేత్తోనే..." అన్నాడు. అంతవరకే ఓర్చుకోవడం నా చేతనయింది. "నీది ఊరికే తప్పిపోయింది. మా తాత బర్రె తప్పిపోయి, అగళి దాటి, అటుపక్క ఊళ్లన్నీ తిరిగి, కన్నడం నేర్చుకొని వచ్చింది" అన్నా. పుల్లయ్య లేచి చెప్పులేసుకున్నాడు.

"యాడికి పుల్లయ్యా?"

"గంగాధరప్ప దగ్గరికి."

ఇట్లుండగా అరవై రెండో సంవత్సరం వచ్చింది. ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో కూడతాయనీ, ఆ దెబ్బకు లోకం అంతమయిపోతాదనీ దేశమంతా అల్లకల్లోలం. వీధి వీధికీ హోమాలు. ఎట్లాగూ పోతాం కదా అని ఉన్న కోళ్లన్నీ కోసుకు తిన్నోళ్లు కొందరు, ఎట్లాగూ పోతాం కదా అని మాంసం ముట్టకుండా మొక్కుకున్నోళ్లు కొందరు. గంగాధరప్ప పత్రికలో ఎంత బాగా రాసినాడో. హిందూపురం ప్లాటుఫారం మీద నిలబడి చూస్తే సిగ్నల్ కంబమూ, దాని వెనక చింతచెట్టూ, ఆ వెనక దూరంగా కొండా ఒకే వరసలో కనిపిస్తాయి, అంతమాత్రాన మూడూ గుద్దుకుంటాయా, గ్రహాలూ అంతే, మన కంటికి ఒక చోట ఉన్నట్టు కనిపిస్తాయి, ఏమీ కాదు, నిద్రపోండి అని రాసినాడు. చదివినోళ్లకు ధైర్యమొచ్చింది. చదవడం రానోళ్లు నేరుగా ఆయన దగ్గరికే పోయినారు.

"లోకం మునిగిపోతాదా సార్?"

"నీకేమనిపిస్తాది?"

"సారుకే తెలీదంట" అని వాళ్లు ఇంటికి పోయి హోమంలో నెయ్యి రెట్టింపు పోసినారు.

ఆ దినాలు వచ్చినాయి, పోయినాయి. సూర్యుడు ఎప్పటి మాదిరే లేచినాడు, బెంగుళూరు బస్సు ఎప్పటి మాదిరే ఆలస్యంగా వచ్చింది. లోకం నిజంగా ఆగిపోయింది ఒక్క ఇంట్లోనే. అది ధర్మవరంలో మా అక్క ఇల్లు.

మా అక్క చౌడేశ్వరిని ధర్మవరంలో సంజీవప్పకిచ్చినాం. పట్టుచీర నేయడంలో మా బావది పెద్ద చెయ్యి. గ్రహాలు కూడే సమయానికి మగ్గం మీద ఒక పెండ్లిచీర సగం నేసి ఉండాది. సగం నేసిన పడుగును మగ్గం మీద వదిలేసి చస్తే ఆ దారాలు మనిషిని వదలవు, జన్మజన్మకూ కాళ్లకు చుట్టుకుంటాయని మా బావకు వాళ్ల నాయన చెప్పినాడంట. పూర్తి చేయడానికి టైము లేదు. అందుకని మా బావ ఏం చేసినాడు? చీరను కోసినాడు. కోసి, ముక్కలు చేసి, పోయేముందు పుణ్యమొస్తాదని వీధిలో ఉన్న ఆడోళ్లందరికీ పసుపు కుంకుమతో రవిక గుడ్డలుగా పంచిపెట్టినాడు. మగ్గాల యజమాని కూతురి పెండ్లిచీర. మామిడిపండు రంగు.

లోకం మునగలేదు. ఆడోళ్లు రవికలు కుట్టించుకున్నారు.

మా బావ పొద్దున లేచి వాకిలి తీస్తే, బావి కాడ నీళ్లు చేదేవాళ్లందరికీ ఆ రంగే. పాలు తెచ్చే ఆయమ్మకు ఆ రంగే. పూలమ్మే షంషాద్‌బీకి కూడా ఆ రంగే. తన తెలివితక్కువతనం చంకన బిందె పెట్టుకొని వీధంతా తిరుగుతా ఉంటే ఏ మగోడు తట్టుకుంటాడు? వాకిలి మూసుకొని, దుప్పటి కప్పుకొని పండుకున్నాడు. మళ్లా మగ్గం గుంతలో కాళ్లు పెట్టలేదు. యజమాని మంచోడు. "పోయిన చీర పోనీ. కొత్త పడుగు ఇస్తా. ఉగాది దాటినాక పెండ్లి, నీ చేతి చీరే కావాల. ఉగాదికి కూడా నువ్వు మగ్గం మీద కూచోకపోతే పడుగు వేరే ఇంటికి పోతాది, మగ్గమూ పోతాది" అన్నాడు. మా బావకు నేత తప్ప ఇంకో పని తెలీదు.

అక్క ఏడ్చుకుంటా హిందూపురం వచ్చింది. "శంకరా, మీ స్నేహితున్ని పిల్చుకొని రారా."

"ఆయప్పెందుకక్కా? నేనుండా కదా" అన్నా.

పోయినా. మంచం పక్కన కూచొని పులి కథ చెప్పినా, కన్నడం నేర్చిన బర్రె కథ చెప్పినా. గోడకు చెప్పుంటే గోడ నవ్వుండేది. నేను చెప్పేకొద్దీ మా బావ దుప్పటి పైకి లాక్కున్నాడు. కడాకు కాళ్లు బయటపడినాయి, మొహం కనపడలేదు.

"చాలు గానీ, గంగాధరప్పను తోడుకొని రా" అన్నది అక్క.

ఇంక తప్పలేదు. ఇద్దరమూ పొద్దున ప్యాసింజరులో ధర్మవరం పోయినాం. గంగాధరప్ప లోపలికి పోయి వాకిలి దగ్గరికేసినాడు. నేను కిటికీకి చెవి ఆనించినా. ఆ తర్వాత మా బావ గొంతు, చాలా చిన్నగా, ఏదో చెప్పింది. ఆ తర్వాత ఒక "ఊఁ". బయటికొచ్చినాక రైల్లో అడిగినా.

"ఏం చెప్పినాడు మా బావ?"

"నీకేమనిపిస్తాది?"

"మా అక్క మొగుడబ్బా. నాకు బావ. నీకేమవుతాడు?"

"ఊఁ" అని కిటికీలోంచి చూస్తా కూచున్నాడు. పెనుకొండ వచ్చింది, పోయింది. నా సొంత బావ నాకు చెప్పని మాట ఈయప్పకు చెప్పినాడు. ఇన్ని కథలు చెప్పిన నాకు దుప్పటి, ఏమీ చెప్పని ఆయప్పకు కడుపులో మాట. నా ఒళ్లంతా భగ్గుమనింది. హిందూపురంలో దిగేలోపల నా తలకాయలో ఒక కథ తయారయింది. నేను పుట్టించిన కథలన్నిట్లో అంత అందమైంది ఇంకోటి లేదు.

మరుసటి పొద్దున షాపు తెరుస్తానే మొదలుపెట్టినా. "మీకు తెలీదా? గ్రహాలు కూడిన పొద్దు మన గంగాధరప్ప యాడున్నాడో? ఏమీ కాదు నిద్రపోండని పత్రికలో రాసినాడు కదా. తను మాత్రం వాళ్ల మామ పొలంలో జొన్నలు పోసుకొనే పాతర ఉండాది చూడు, నేలలో తవ్వింది, దాంట్లో దిగి, పైన బండ మూయించుకొని, మీద ఏదన్నా గ్రహం పడితే తగలకుండా నెత్తిన ఇత్తడి గుండిగ బోర్లించుకొని కూచున్నాడు. ఒంటరిగా భయమేస్తాదని తోడుగా రెండు కోళ్లు. బండ తీసింది నేనే. గుండిగ లోపల నుంచి 'అయిపోయిందా?' అని గొంతు వచ్చింది. 'నీకేమనిపిస్తాది?' అన్నా."

జనం పడీ పడీ నవ్వినారు. పోయిన జనమంతా తిరిగి నా షాపుకొచ్చినారు. నా పులి కథ ఎప్పుడూ పరిగి దాటలేదు. ఈ కథ ఆ దినమే రైలెక్కింది. పెనుకొండలో దిగేటప్పటికి కోళ్లు మేకలయినాయి. ధర్మవరం చేరేటప్పటికి పాతరలో తిప్పమ్మ, ఆవు, దూడ అందరూ ఉండారు, అందరికీ తలా ఒక గుండిగ.

ఊళ్లోవాళ్లు ఊరికే ఉంటారా? అరుగు మీదికి పోయి నేరుగా అడిగినారు.

"సార్, పాతరలో దాక్కున్నారంట, నిజమేనా?"

"నీకేమనిపిస్తాది?"

"నాకు నిజమే అనిపిస్తాది సార్."

"ఊఁ."

ఇంకేం కావాల. తిప్పమ్మకు కోపమొచ్చి వాకిట్లోకి వచ్చి, "ఆ పొద్దంతా మిద్దె మీద పండుకొని వీధిలో పిల్లోళ్లకు చుక్కలు చూపిస్తా ఉన్నావు కదా, కాదని ఒక్క మాట చెప్పరాదా?" అని అరిచింది. "పెండ్లాం మొగున్ని కాపాడక ఏం చేస్తాది, పాపం" అనుకున్నారు జనం.

కథ మద్రాసు దాకా పోయింది. పత్రిక ఎడిటరు ఒక మనిషిని పంపించినాడు. తెల్లబట్టలాయన, వచ్చి అరుగు మీద కూచొని, "మూఢనమ్మకాలు వద్దని మేము రాస్తుంటే, రాసేవారే గుండిగ కింద ఉన్నారంటే మా పరువేం కావాలండీ? కాదని ఒక్క మాట చెప్పండి, నేను వెళ్లిపోతాను" అన్నాడు.

గంగాధరప్ప ఆయన మొహంలోకి చూసి, "మీకేమనిపిస్తుందండీ?" అన్నాడు.

ఆ వచ్చే వారం పత్రికలో సైన్సు శీర్షిక లేదు. ఆ చోట తలనూనె ప్రకటన వేసినారు. దాన్ని కత్తిరించి నా షాపు గోడకు అంటించినా. ఇన్నేండ్ల రాత పోయింది కదా, ఏడుస్తా ఉంటాడు, కండ్లారా చూసి వద్దామని పోయినా. ఆయప్ప అరుగు మీద కూచొని పుల్లయ్య బర్రె సంగతి వింటాండాడు. బర్రె దొరికి చాన్నాళ్లయింది, అయినా పుల్లయ్య చెప్తానే ఉండాడు. నాకు ఇంకా మండింది. మనిషన్నాక కుళ్లుకున్నోని తృప్తి కోసమన్నా కొంచెం ఏడవాల కదా.

ఉగాది దగ్గరపడింది. అక్క సంగతి ఏమయిందో చూద్దామని ధర్మవరం పోయినా. వీధి మలుపు తిరిగేటప్పటికి మగ్గం చప్పుడు. మా అక్క ఇంట్లో నుంచే. లోపలికి పోతే మా బావ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని, నాడె విసురుతా, నన్ను చూసి నవ్వినాడు.

"రా శంకరా. ఆ గుండిగ సంగతి విన్నావా?"

"విన్నా" అన్నా. ఇంకేమంటా.

"పోయిన తూరి సార్ వచ్చినప్పుడు నేనొక మాట అనింటి. మీరు చదువుకున్నోళ్లు, మీకు భయం లేదు. ఇంత లోకంలో భయపడి బుద్ధి పోగొట్టుకున్నోన్ని నేనొక్కడినే సార్, యా మొహం పెట్టుకొని వీధిలోకి పోవాల అని. ఆ తర్వాత ఈ కథ విన్నా. మొన్న మళ్లా వచ్చినాడు సార్. ఈ తూరి నేనే అడిగినా, గుండిగ నిజమా అని."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. నీకేమనిపిస్తాది అన్నాడు." మా బావ నాడె ఆపి కండ్లు తుడుచుకున్నాడు, నవ్వి నవ్వి నీళ్లొచ్చినాయి. "నాకు నిజమే అనిపించెరా. అంత సైన్సు చదివిన మనిషి నెత్తిన గుండిగ బోర్లించుకున్నాడంటే, నేనొక చీర కోసుకుంటిని, అదొక తప్పా? నాది రవికలకైనా పనికొచ్చె. ఆయప్ప గుండిగ దేనికి పనికొచ్చె?"

అక్క వంటింట్లో నుంచి అందుకుంది. "సార్ పోయినాక వాకిలి తీసుకొని నేరుగా బావి కాడికి పోయినాడ్రా. అందరినీ చూసి, 'రంగు బాగా నిలబడిందమ్మా' అన్నాడు. ఆడోళ్లందరూ ఒకటే నవ్వు."

నాకు అప్పుడు అర్థమయింది. ఒక్క "కాదు" అనింటే గంగాధరప్ప రాత నిలబడేది, పరువు నిలబడేది. మా బావ మాత్రం లోకంలో మళ్లా ఒక్కడయిపోయేవాడు. అందుకని ఆయప్ప నా అబద్ధాన్ని మోసినాడు. అట్లని అబద్ధం కూడా ఆడలేదు, చూడండి. అడిగినోళ్లకు అడిగినట్టు ప్రశ్న తిరిగిచ్చినాడు, అంతే.

అది సరే. నా బాధ ఎవరికి చెప్పుకునేది? ఆ కథ నాది. గుండిగ నాది, పాతర నాది, కోళ్లు నావి. చచ్చిన మగ్గాన్ని ఆడించిన కథ, దేశంలో ఇంకెవరికీ చేతకాని కథ, అది నేను పుట్టించింది అని చెప్పుకోడానికి లేదు. నాలిక చివరిదాకా వచ్చింది.

"బావా, ఆ గుండిగ..." అన్నా.

నాడె ఆగింది. మా అక్క గరిటె పట్టుకొని గడపలోకి వచ్చింది.

"ఆ గుండిగ ఏంది?" అన్నాడు బావ.

"పెద్దది బావా. నువ్వనుకున్నదాని కంటే చాలా పెద్దది."

మగ్గం మళ్లా ఆడింది.

హిందూపురంలో దిగి నేరుగా గంగాధరప్ప ఇంటికి పోయినా. ఆ పొద్దు అరుగు మీద ఎవరూ లేరు. "ఆ కథ నేనే పుట్టించినానని నీకు తెలుసు కదా. ఊళ్లో కాదనకపోతే పోనీ, నన్నొక్కన్నైనా తిట్టుండొచ్చు కదా" అన్నా. ఇంక నీకేమనిపిస్తాది అంటాడని కాచుకున్నా. ఆయప్ప కాళ్లు మడుచుకొని, ఎన్నో ఏండ్ల తర్వాత నాకు జవాబు చెప్పినాడు.

"శంకరా, కథ బాగుంది. పాతర బాగలేదు."

"ఏం?"

"మూసిపెట్టిన పాతరలో గాలి చెడిపోయి ఉంటాది. తీసిన వెంటనే మనిషి దిగితే బతకడు. నువ్వు చెప్పినట్టు చేసుంటే నేనూ, నీ కోళ్లూ ఆడనే శవాలమయ్యుండేవాళ్లం. ఇంతమంది విన్నారు, ఒక్కరన్నా ఇది అడిగినారా? రేపు నీ మాట నమ్మి ఎవడన్నా నిజంగా దిగితే ఎట్లబ్బా?"

"మరి దేంట్లో పెట్టాల్సింది నిన్ను?"

"గాదెలో పెట్టాల్సింది. గాదెలో గాలాడతాది."

నా అబద్ధంలో తప్పు దిద్దినాడు. ఇంతకంటే అవమానం నాకు ఎప్పుడూ జరగలేదు.

ఇంతలో మద్రాసులో వాళ్లకు తల తిరిగిపోయింది. యాడయాడి నుంచో కార్డులు. గ్రహాలు కూడినప్పుడు పాతరలో దాక్కుంటే మంచిదా, గుండిగ ఇత్తడిదే కావాల్నా, రాగిది పనికొస్తాదా, కోళ్లకు బదులు బాతులు పెట్టుకోవచ్చా అని. జవాబు రాసేవాడు లేడు. తలనూనె ప్రకటన తీసేసి గంగాధరప్పను మళ్లా రాయమన్నారు. ఆయప్ప మొదటి వారమే పాతర మీద రాసినాడు. బండ తీసి చాలాసేపు తెరిచిపెట్టండి, తాడుకు దీపం కట్టి లోపలికి దించండి, దీపం ఆరిపోతే దిగొద్దు, మనిషిని దింపేముందు దీపాన్ని దింపండి అని. చిన్నపిల్లోడు చదివినా అర్థమయ్యేటట్టు రాసినాడు. ఈ సంగతి రాయడంలో మాత్రం ఆయప్పను మించినోడు లేడు, నేను ఒప్పుకుంటా, ఎవరికీ చెప్పకండి.

అది చదివి ఊళ్లో మిగిలిన కొంచెం అనుమానం కూడా పోయింది. "అనుభవం లేకుండా అంత వివరంగా ఎవడు రాస్తాడప్పా?" అన్నారు. ఇప్పుడు మా పక్క ఏ రైతు పాతర తీసినా ముందు దీపం దించుతాడు. ఎందుకని అడిగితే, "సార్ దిగి చూసి చెప్పినాడు" అంటాడు. ఈ కథ అసలు నాదేనని ఇన్నాళ్లకు ధైర్యంగా రాస్తాండానంటే, నేను చెప్తే ఇంక ఎవరూ నమ్మరనే ధైర్యమే.

ఆ వేసవిలో పెండ్లిచీర యజమానికి ఇచ్చేసి మా బావ హిందూపురం వచ్చినాడు. నా షాపు ముందర బెంచీ మీద కూచొని సోడా తాగుతాండాడు. జట్కా దిగి మాబుసాబ్ వచ్చినాడు, పుల్లయ్య వచ్చినాడు. జనాన్ని చూసి నాకు ఉత్సాహమొచ్చి పులి కథ ఎత్తుకున్నా. పులి నోట్లో పంపు పెట్టేదాకా వచ్చినా.

పుల్లయ్య అడ్డం వచ్చినాడు. "నీ పులి ఎవరు చూసినార్లే శంకరా. ఎన్ని కోతలయినా కొయ్యి, సార్ మాదిరి పాతరలో దిగే గుండె నీకుండాదా?"

"యాడిది" అన్నాడు మాబుసాబ్.

మా బావ సోడా బుడ్డి పట్టుకొని, నేనేమంటానో అని నవ్వుతా నా పక్కే చూస్తాండాడు. ఆ నవ్వు చూసినా. నోరు మూసుకొని, చేతిలో ఉన్న ట్యూబుకు గాలి కొట్టినా.